‘ఎందుకు?’ అని అడగడం మానేసిన అక్క

మనలో చాలామందికి ‘కౌన్సెలింగ్’ అనే మాట మొదట ఎంసెట్‌తోనే పరిచయం. ర్యాంక్ కార్డు, సర్టిఫికెట్ వెరిఫికేషన్, వెబ్ ఆప్షన్లు, సీట్ అలాట్‌మెంట్. ఆ కౌన్సెలింగ్‌లో మన మాట ఎవరూ వినరు. ర్యాంక్ చూస్తారు, కాలేజీ చెప్తారు, అయిపోయింది. రెండో పరిచయం న్యూస్‌లో. ‘రౌడీషీటర్లకు పోలీసుల కౌన్సెలింగ్’, ‘డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికిన యువకులకు కౌన్సెలింగ్’. ఫొటోలో ఒక సార్ వేలు చూపిస్తూ మాట్లాడుతుంటారు, మిగతావాళ్ళు తల దించుకుని నిలబడి ఉంటారు. మూడోది ఇంట్లో. ‘వాడికి కాస్త నువ్వైనా కౌన్సెలింగ్ ఇవ్వు బావా’ అని అమ్మ ఫోన్ చేస్తే, ఆదివారం పెద్దనాన్న వస్తాడు. టిఫిన్ తింటాడు. తర్వాత మన జీవితం మొత్తం గంటంబావులో తేల్చేసి వెళ్తాడు.

మూడింటిలోనూ ఒకటే పద్ధతి గమనించారా? ఒకరు చెప్తారు, ఇంకొకరు వింటారు. అందుకే మన భాషలో కౌన్సెలింగ్ అంటే ‘ఇచ్చేది’, క్లాస్ పీకడం లాగా. అసలు కౌన్సెలింగ్‌లో వినాల్సింది అవతల కూర్చున్నవాళ్ళు కాదు, కౌన్సెలర్ అని చెప్తే నమ్మడం కష్టం.

ఈ వారం ఆ వినడం నేర్చుకోవడానికి దాదాపు పదేళ్ళు పట్టిన ఒక అక్క గురించి రాస్తున్నా. మా కంపెనీలో మానసిక ఆరోగ్యం మీద ఒక సెషన్ పెడితే వచ్చారు. నిజం చెప్పాలంటే అలాంటి సెషన్లకి హాల్ నిండేది రెండు కారణాల వల్ల: ఆ గంట మీటింగులు ఉండవు, చివర్లో సమోసా ఉంటుంది. ఆవిడ స్లైడ్లు తేలేదు. మైక్ తీసుకుని ఒక్క ప్రశ్న అడిగారు. ‘ఈ వారంలో మీకు ఎవరైనా ఒక కష్టం చెప్పుకున్నారా? మీరు ఎన్ని సెకన్లలో సలహా ఇచ్చారు?’ హాల్లో ఇంజినీర్లందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా వృత్తే అది కదా. సమస్య వినపడగానే సొల్యూషన్ టైప్ చేయడం మొదలుపెడతాం.

తర్వాత అడిగితే రెండు ఆదివారాలు టైమ్ ఇచ్చారు. రెండు షరతులు: తన పేరు రాయకూడదు, క్లయింట్ల కథలు అడగకూడదు. ‘నా గురించి ఎంతైనా అడుగు తమ్ముడూ. వాళ్ళ కథలు నావి కావు’ అన్నారు. కాబట్టి కింద కన్నీళ్ళు తెప్పించే కేసులేవీ ఉండవు. ఒక మనిషి తన అలవాటుతో చేసిన కుస్తీ ఉంటుంది, అంతే.

అక్కది ఉమ్మడి వరంగల్ జిల్లా. డిగ్రీ తర్వాత ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ. ఎందుకు చేరారంటే సమాజాన్ని బాగు చేద్దామని. ‘బాగు చేయడం అన్నప్పుడే ఉంది చూడు, ఎదుటివాళ్ళు పాడైపోయారని మనం ముందే డిసైడ్ అయిపోయాం’ అని ఇప్పుడు నవ్వుతారు. అప్పుడు మాత్రం సీరియస్‌గానే ఉండేవారట. ఎవరైనా భర్త తాగొస్తున్నాడంటే పది నిమిషాల్లో ప్లాన్ చెప్పేసేవారు. డీ-అడిక్షన్ సెంటర్, పొదుపు సంఘం, పిల్లలకి హాస్టల్ సీటు. ప్లాన్ బాగానే ఉండేది. ఆ మనిషి మళ్ళీ కనపడేది కాదు.

ఎమ్మెస్‌డబ్ల్యూలో ఒక పేరు తప్పకుండా వస్తుంది. ఫెలిక్స్ బీస్టెక్. షికాగోలోని లయోలా యూనివర్సిటీలో సోషల్ వర్క్ చెప్పిన జెసూట్ ఫాదర్. 1957లో ఒక చిన్న పుస్తకం రాశాడు. సహాయం చేసేవాడికీ, సహాయం కోరి వచ్చినవాడికీ మధ్య సంబంధం ఎలా ఉండాలో ఏడు సూత్రాలుగా చెప్పాడు. ప్రతి మనిషినీ విడిగా చూడటం, మనసులో ఉన్నది బయటికి చెప్పుకోనివ్వడం, మనం మరీ కొట్టుకుపోకుండా స్పందించడం, ఉన్నవాళ్ళని ఉన్నట్టు ఒప్పుకోవడం, తీర్పు చెప్పకపోవడం, నిర్ణయం వాళ్ళకే వదిలేయడం, విన్నది గుట్టుగా ఉంచడం. మన యూనివర్సిటీల్లో కూడా సోషల్ వర్క్ స్టూడెంట్స్ దీన్ని పరీక్షల కోసం బట్టీ పడతారు. అక్క కూడా పట్టారు. ‘పదిహేను మార్కుల ప్రశ్న. పద్నాలుగు వచ్చాయి. ఏడు సూత్రాలూ అక్షరం పొల్లుపోకుండా రాశాను. ఒక్కటీ ఒంటికి పట్టలేదు.’

మొదటి పక్కా ఉద్యోగం 2007లో, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీలో. అంటే హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ రెండూ ఒకచోట జరిగే సెంటర్. ఇప్పటి కాలేజీ పిల్లలకి ఆ రోజుల వాతావరణం తెలియకపోవచ్చు. దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ సెంటర్లలో కౌన్సెలర్లుగా చేరినవాళ్ళలో చాలామంది ఎమ్మెస్‌డబ్ల్యూ చదివినవాళ్ళే. ఒక గది, ఒక టేబుల్, ఒక రిజిస్టర్. పరీక్షకి ముందు ఒకసారి మాట్లాడాలి, రిజల్ట్ చేతికిచ్చేటప్పుడు ఇంకోసారి మాట్లాడాలి. గర్భిణులు వస్తారు, టీబీ పేషెంట్లు వస్తారు, లారీ డ్రైవర్లు వస్తారు, సెక్స్ వర్కర్లు వస్తారు, ఎవరికీ తెలియకుండా మొహానికి కండువా కట్టుకుని పక్క మండలం నుంచి వచ్చేవాళ్ళు ఉంటారు.

అక్క అక్కడ రోజూ అడిగిన ప్రశ్న ఒకటుంది. ‘ఎలా వచ్చింది?’

ప్రోగ్రామ్ పరంగా అది తెలుసుకోవాల్సిన విషయమే. ఎక్కడ రిస్క్ ఉందో తెలిస్తేనే భార్యకో, భర్తకో పరీక్ష చేయించగలరు. కానీ మన తెలుగులో ఆ మాట ఎలా వినపడుతుందో ఒకసారి గట్టిగా అని చూడండి. దొంగసొమ్ము గురించి అడిగినట్టు ఉండదూ? దానికి జవాబులు కూడా అలాగే వచ్చేవట. ‘ఆర్ఎంపీ ఇంజెక్షన్ వేశాడు మేడం’, ‘మంగలి షాపులో బ్లేడు’, ‘ఎప్పుడో రక్తం ఎక్కించుకున్నా’. అందులో నిజాలూ ఉండొచ్చు. కానీ అందరూ మంగలి షాపు మీదకే తోసేస్తుంటే రిజిస్టర్‌లో కాలమ్ నిండుతుంది, లోపల సమాచారం మాత్రం చెత్త. మా భాషలో చెప్పాలంటే, ఎర్రర్ చూపిస్తే తిడతారని తెలిసిన సిస్టమ్ అన్నిటికీ ‘సక్సెస్’ అనే రిటర్న్ చేస్తుంది.

‘మరి మీరు తిట్టేవారా అక్కా?’ అని అడిగా.

‘ఛ, ఒక్క మాట కూడా అనలేదు. మొహం అనేది కదా.’

భర్త వల్ల హెచ్ఐవీ వచ్చిన ఇల్లాలు కూర్చుంటే అక్క గొంతు మెత్తబడేది. ‘అయ్యో తల్లీ’ అనేవారు. అదే కుర్చీలో తర్వాత ఆ భర్త కూర్చుంటే మాటలు పొడిపొడిగా అయ్యేవి. సెక్స్ వర్క్ చేసే స్త్రీ వస్తే, కండోమ్ గురించి చెప్పాల్సింది చెప్పి, చివర్లో ‘వేరే పని ఏదైనా చూసుకోవచ్చు కదమ్మా’ అని కలిపేవారు. మంచి ఉద్దేశంతోనే. ఆ ఇల్లాలికి దక్కిన ‘అయ్యో’ కూడా తీర్పే అని ఆవిడకి చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు. ఒకరిని నిర్దోషి అని ప్రకటిస్తున్నామంటే, కోర్టు పెట్టినట్టే కదా. నిర్దోషి కుర్చీలో కూర్చున్న మనిషి, తనకి భర్త మీద ఇంకా ప్రేమ ఉందని చెప్పలేదు. తనకీ ఒక గతం ఉందని అసలే చెప్పలేదు.

ఈ విషయం అక్కకి చెప్పింది ప్రొఫెసర్ కాదు, పీర్ ఎడ్యుకేటర్. హెచ్ఐవీ కార్యక్రమాల్లో సెక్స్ వర్కర్ల నుంచే కొందరిని ఎంచుకుని, తోటివాళ్ళకి సమాచారం చెప్పి సెంటర్‌కి తీసుకొచ్చే పని అప్పగిస్తారు. అలా వచ్చే ఒకావిడ, వయసులో అక్క కంటే పెద్దది, ఒకరోజు టీ తాగుతూ మామూలుగా అందట. ‘మేడం, మావోళ్ళు ఇక్కడికి రావట్లేదు. బస్సెక్కి పక్క టౌన్‌కి పోతున్నరు. ఈడ సూది ఒక్కటే కాదు, నీ చూపు కూడా గుచ్చుకుంటదంట.’

అక్క ఆ రాత్రి నిద్రపోలేదని నాతో అనలేదు. ‘కోపం వచ్చింది’ అన్నారు. ‘ఇంత చేస్తుంటే నన్నంటుందా అని వారం రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు.’ ఈ మాట నాకు నచ్చింది. మనకి దొరికే ఇన్‌స్పిరేషన్ కథల్లో ఒక్క డైలాగ్‌కే మనుషులు మారిపోతారు. ఇక్కడ మారడానికి ముందు ఒక వారం అలక, తర్వాత ఆరేడేళ్ళు పని ఉన్నాయి. పక్క టౌన్‌కి బస్ ఛార్జీ పెట్టుకోలేని మనిషి పరీక్షే చేయించుకోదు, మందులు మొదలుపెట్టదు. ఒక చూపు ఖరీదు అక్కడిదాకా వెళ్తుంది.

ఇక్కడ ఇంకొకాయన గురించి చెప్పాలి. కార్ల్ రోజర్స్. అమెరికన్ సైకాలజిస్ట్. మొదట అగ్రికల్చర్‌లో చేరాడు, తర్వాత మతబోధకుడు అవుదామని సెమినరీకి వెళ్ళాడు, అక్కణ్ణుంచి సైకాలజీకి దూకాడు. బ్రాంచ్ మార్చుకోవడం మన దగ్గరే ఉందనుకోకండి. 1928 నుంచి పన్నెండేళ్ళు రోచెస్టర్ అనే ఊళ్ళో, పిల్లల మీద క్రూరత్వాన్ని అరికట్టే సంఘంలో పనిచేశాడు. అంటే పెద్ద ప్రొఫెసర్ కాకముందు ఆయన చేసింది దాదాపు సోషల్ వర్కర్ల మధ్య పనే.

అక్కడ ఒక అల్లరి పిల్లాడి తల్లితో జరిగింది ఆయన 1961 నాటి పుస్తకంలో రాసుకున్నాడు. పిల్లాడి సమస్యకి కారణం చిన్నప్పుడు తల్లి వాణ్ణి దూరం పెట్టడమే అని ఈయన తేల్చేసుకున్నాడు. వారాల తరబడి మెల్లగా, మర్యాదగా ఆవిడ చేత ఒప్పించాలని చూశాడు. కుదరలేదు. చివరికి ‘ఇద్దరం ప్రయత్నించాం, ఇక ఆపేద్దాం’ అన్నాడు. ఆవిడా సరే అంది. షేక్‌హ్యాండ్ ఇచ్చి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్ళకి కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తామన్నాడు. ఆవిడ మళ్ళీ కుర్చీలో కూర్చుని తన పెళ్ళి గురించి, మొగుడితో గొడవల గురించి, తను ఓడిపోయానన్న బాధ గురించి చెప్పడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఆవిడ నింపిన కేస్ హిస్టరీకీ దీనికీ పోలికే లేదు. అసలు పని అక్కడ మొదలైంది, చివరికి ఆ పిల్లాడికీ మేలు జరిగింది.

ఏ వైపు వెళ్ళాలో తెలిసింది ఆవిడకే. ఆయన దారి చూపించడం ఆపాకే ఆవిడ కదిలింది. ఈ ఆలోచన ఆయనకి ఒక్కడికే ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఫిలడెల్ఫియాలో జెస్సీ టాఫ్ట్ అనే సోషల్ వర్కర్, ఆవిడ బాటలో నడిచినవాళ్ళు అప్పటికే ఇలా పనిచేస్తున్నారు, వాళ్ళ ప్రభావం రోజర్స్ మీద ఉంది. ఇంకో తమాషా: బీస్టెక్ పుస్తకం వచ్చిన 1957లోనే రోజర్స్, మనిషి మారడానికి థెరపిస్ట్ వైపు నుంచి ఏమేం కావాలో చెప్పే తన పేరుమోసిన వ్యాసం అచ్చువేశాడు. అందులో ఒకటి, షరతులు లేకుండా ఎదుటి మనిషికి విలువివ్వడం. ఒకరు చర్చి నుంచి, ఒకరు చర్చి వదిలేసి, ఇద్దరూ ఒకే ఏడాది ఒకే చోటికి వచ్చారు.

మన దేశానికీ ఇది కొత్తేం కాదు. 1936లో బొంబాయిలో టాటాల సోషల్ వర్క్ స్కూల్ (ఇప్పటి టిస్) మొదలైంది, మరుసటేడే పిల్లల కోసం చైల్డ్ గైడెన్స్ క్లినిక్ పెట్టారు. అంటే సోషల్ వర్కర్ మానసిక ఆరోగ్యంలోకి రావడం మనకి తొంభై ఏళ్ళ నాటి సంగతి.

అక్క ఆ దారిలోకి వచ్చింది ముప్పై దాటాక. ఉద్యోగం వదిలేసి, నాలుగేళ్ళ కొడుకుని వాళ్ళ అమ్మ దగ్గర పెట్టి, వేరే రాష్ట్రంలో సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లో చేరారు. రెండేళ్ళు ఫుల్ టైమ్, వార్డుల్లో పని, పైన సూపర్‌వైజర్. బంధువులు ఏమన్నారో రాయక్కర్లేదు, మీ బంధువులు ఏమంటారో ఊహించుకోండి చాలు.

అక్కడ ‘ప్రాసెస్ రికార్డింగ్’ అని ఒకటి రాయిస్తారు. ఇంటర్వ్యూ అయ్యాక, నేను ఏమన్నాను, వాళ్ళు ఏమన్నారు, అప్పుడు నా లోపల ఏమనిపించింది అని డైలాగ్ డైలాగ్‌గా గుర్తున్నంతవరకు రాయాలి. సూపర్‌వైజర్ దాన్ని చదివి ఎర్ర పెన్నుతో గీతలు పెడతారు. మా కోడ్ రివ్యూ లాంటిదే, కాకపోతే ఇక్కడ రివ్యూ అయ్యేది మన నోరు.

మొదటి నెలలో అక్క రికార్డింగ్స్‌లో సూపర్‌వైజర్ మేడం రెండే రెండు పదాలకి సున్నాలు చుట్టారట. ఒకటి ‘నువ్వు’, రెండోది ‘ఎందుకు’.

‘నువ్వు’ సంగతి మన తెలుగువాళ్ళకే బాగా అర్థమవుతుంది. కూలి పని చేసే పేషెంట్ తండ్రిని, ఆయనకి అరవై ఏళ్ళున్నా సరే, అక్క ‘నువ్వు’ అని రాశారు. అదే వార్డులో బ్యాంక్ ఉద్యోగి తమ్ముడు, పాతికేళ్ళ కుర్రాడు, వాణ్ణి ‘మీరు’ అన్నారు. కావాలని కాదు, అలవాటు. మన ఊళ్ళలో ‘నువ్వు’ అనేది ఆప్యాయత కూడా కదా అని అక్క వాదించారట. మేడం ఒకటే అడిగారు: ‘మరి ఆ ఆప్యాయత బ్యాంక్ ఉద్యోగి మీద ఎందుకు లేదు?’ ఇంగ్లిష్ పుస్తకాల్లో ఈ పాఠం దొరకదు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో ఒక్క ‘యూ’తో అంతా అయిపోతుంది. తెలుగులో నోరు తెరిచిన మొదటి క్షణంలోనే మనం ఎదుటివాళ్ళకి ర్యాంక్ ఇచ్చేస్తాం.

‘ఎందుకు’ ఇంకా మొండిది. ‘మందులు ఎందుకు మానేశారు?’ ‘ఇంట్లో ఎందుకు చెప్పలేదు?’ పైకి సమాచారం కోసం అడిగినట్టే ఉంటుంది. కానీ చిన్నప్పటి నుంచి ఆ మాట మనం ఎక్కడ విన్నాం? ‘ఎందుకు లేటైంది?’ ‘ఎందుకు తగ్గాయి మార్కులు?’ అక్కడ జవాబు కోసం ఎవరూ అడగరు. తప్పు ఒప్పుకోమని అడుగుతారు. అందుకే ఎందుకు అనగానే లోపల ఒక లాయర్ లేచి నిలబడతాడు. ఆ లాయర్‌తో మాట్లాడుతూ కూర్చుంటే అసలు మనిషి బయటికి రాడు. అక్క దాని బదులు ‘మందులు ఆపిన రోజుల్లో ఎలా ఉండింది?’, ‘ఇంట్లో చెప్తే ఏమవుతుందని అనిపించింది?’ అని అడగడం ప్రాక్టీస్ చేశారు. రూమ్‌లో అద్దం ముందు. ఆరు నెలలు పట్టిందట ‘ఎందుకు’ నాలుక మీద నుంచి దిగడానికి.

మూడోది మౌనం. అవతలి మనిషి ఏడుస్తూ ఆగిపోతే, ఆ గ్యాప్‌లో అక్క ఏదో ఒకటి అనేసేవారు. నీళ్ళు తాగండి, ఏం కాదు, ధైర్యంగా ఉండాలి. ‘అది వాళ్ళ కోసం కాదు తమ్ముడూ, నేను భరించలేక.’ ఇప్పుడు ఎంతసేపు ఆగగలరు అని అడిగితే, చెప్పకుండా ఊరికే నా వైపు చూశారు. పదిహేను సెకన్లలో నేనే ఏదో మాట్లాడేశాను.

ఇక్కడ నాకో అనుమానం వచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. తీర్పు చెప్పకపోవడం అంటే అన్నిటికీ తలాడించడమా? పెళ్ళాన్ని కొట్టేవాడు వచ్చి కూర్చుంటే కూడా ‘మీకు ఎలా అనిపించింది’ అంటారా?

అక్క ఈ ప్రశ్నకి సూటిగానే చెప్పారు. కొట్టడం తప్పు, ఆ మాట చెప్తారు. బీస్టెక్ కూడా పనిని, ప్రవర్తనని తూకం వేయొద్దని అనలేదు. మనిషిని దోషి, నిర్దోషి అని ముద్ర వేయడం నీ పని కాదు అన్నాడు. కొన్ని చోట్ల చట్టమే గీత గీసింది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా సరే రిపోర్ట్ చేయాల్సిందే, కౌన్సెలర్‌కి మినహాయింపు లేదు. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే గుట్టు అనేది పక్కకి పోతుంది. ఇవన్నీ అక్క మొదటి సెషన్‌లోనే, ఏ కథా మొదలవ్వకముందే చెప్పేస్తారు. ‘తర్వాత చెప్తే మోసం కదా.’

తీర్పు లేదన్న పేరుతో అసలు తీర్పు దాగి ఉండేది ఎక్కడంటే, ‘సర్దుకుపో’ అనే మాటలో అంటారు. పోలీస్ స్టేషన్‌లో, కుల పెద్దల దగ్గర, ఒక్కోసారి ఫ్యామిలీ కౌన్సెలింగ్ పేరుతో కూడా ఆడపిల్లకి వినపడేది అదే. వినడానికి మెత్తగా ఉంటుంది. కానీ ఎవరు సర్దుకోవాలో అందులో ముందే రాసేసి ఉంటుంది.

ఐటీలో మాకు ‘బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్’ అని ఒక పద్ధతుంది. సర్వర్ పడిపోతే ఎవడు పడగొట్టాడు అని కాకుండా, ఏం జరిగింది, ఏ పరిస్థితుల్లో జరిగింది అని రాసుకుంటాం. నింద ఉంటే మనుషులు దాస్తారు, దాస్తే మళ్ళీ పడిపోతుంది అనేది దాని లాజిక్. ఇది చెప్తే అక్కకి బాగా నచ్చింది. కానీ వెంటనే ఒకటి అన్నారు: ‘మీరు చివర్లో ఫిక్స్ చేస్తారు కదా? నేను ఫిక్స్ చేయను. అదే నాకు అన్నిటికంటే కష్టమైంది.’ నాకు ఇప్పటికీ ఆ మాట పూర్తిగా మింగుడుపడలేదు. యాభై నిమిషాలు విని, డబ్బులు తీసుకుని, ఏం చేయాలో చెప్పకుండా పంపడం ఏంటని లోపల ఇంజినీర్ గొణుగుతూనే ఉన్నాడు. అక్క వాదన ఏంటంటే, చెప్పిన సలహా నచ్చకపోతే మనిషి రాడు, నచ్చితే ప్రతిదానికీ వస్తాడు. రెండూ నష్టమే.

ఇంకో సంగతి, ఇది మీకు పనికొచ్చేది. మన దేశంలో ‘సైకియాట్రిస్ట్’ అంటే డాక్టర్, మందులు రాస్తారు. ‘సైకియాట్రిక్ సోషల్ వర్కర్’ అనే మాటకి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో నిర్వచనం ఉంది: సోషల్ వర్క్‌లో పీజీ, ఆపైన రెండేళ్ళ ఫుల్ టైమ్ ఎంఫిల్, అందులో పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ. కానీ ఆ చట్టంలో ఉత్త ‘కౌన్సెలర్’కి అలాంటి నిర్వచనం లేదు. అందుకే వారాంతం కోర్సు చేసినవాళ్ళు కూడా ఇన్‌స్టాలో బోర్డు పెట్టేస్తున్నారు. రీల్స్ చూసి అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఏం చదివారు, ఎక్కడ ట్రైనింగ్, మీకు పైన సూపర్‌వైజర్ ఉన్నారా అని అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ళ దగ్గరికి వెళ్ళకపోయినా నష్టం లేదు.

ఫీజు పెట్టుకోలేనివాళ్ళకి టెలి మానస్ ఉంది. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది. నంబర్ 14416. ఫ్రీ, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే నిపుణులకి కలుపుతారు. చచ్చిపోవాలని అనిపించేంత బరువుగా ఉన్న రోజు, మీకైనా మీ రూమ్మేట్‌కైనా, ఈ నంబర్ ఫోన్‌లో సేవ్ అయి ఉండటం మంచిది. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని ఎన్‌సీఆర్‌బీ లెక్క. అందులో 13,044 మంది స్టూడెంట్స్.

ఇదే విషయంలో మన చట్టం కూడా అక్క నడిచిన దారిలోనే నడిచింది. పాత ఐపీసీ 309 ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించి బతికితే ఏడాది వరకు జైలు. అంటే చావు అంచు దాకా వెళ్ళొచ్చిన మనిషి కళ్ళు తెరవగానే ఎదురుగా కేసు. 2017 చట్టంలోని సెక్షన్ 115, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం సంరక్షణ అందించాలి అంది. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లాంటి సెక్షన్ లేదు. చట్టం మారింది, కానీ ఆసుపత్రి మంచం పక్కన చేరే బంధువుల నోటి నుంచి ‘అంత ఏం కష్టం వచ్చిందని?’ అనే ప్రశ్న ఇంకా పోలేదు. అది కూడా మన ‘ఎందుకు’కి పెద్దన్నే.

రెండో ఆదివారం లేచి వెళ్ళేముందు అడిగా, ఇప్పుడు మీకు లోపల జడ్జిమెంట్లు రావా అని. గట్టిగా నవ్వారు. ‘నేను శనివారం ఉపవాసం ఉండే మనిషిని, నాకు పట్టింపులు ఎన్నో. అవెక్కడికి పోతాయి? సెషన్‌కి ముందు చెప్పులు విప్పినట్టు బయట విప్పుతా. బయటికొచ్చాక మళ్ళీ వేసుకుంటా. ఒక్కోసారి లోపలికి వేసుకుని వెళ్ళిపోయానని మధ్యలో తెలుస్తుంది.’ ఇంట్లో అయితే విప్పడం అస్సలు కుదరట్లేదట. కొడుకు ఇంటర్ ఫస్టియర్. హాఫ్ ఇయర్లీ మార్కులు చూసి ‘ఎందుకు తగ్గాయి?’ అనే అడిగారట, వేరే ప్రశ్నే గుర్తుకు రాలేదు.

ఇన్నేళ్ళ అనుభవం తర్వాత కూడా నెలకి రెండుసార్లు, సొంత డబ్బుతో, తన సూపర్‌వైజర్‌తో ఆన్‌లైన్‌లో కూర్చుంటారు. పోయిన నెల మొత్తం ఒకే ఒక్క క్లయింట్ గురించి నడిచిందట. ఆ మనిషి మీద తనకి ఉన్న కోపం దిగట్లేదని, దిగకపోతే వేరే కౌన్సెలర్‌కి అప్పగించాలా అని. ఎవరో, ఏం చేశారో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇంకా తేలలేదు, వచ్చే గురువారం మళ్ళీ కూర్చుంటారు.